ప్యాచ్ వచ్చేసింది.. మరి మీ ఫోన్‌కి చేరిందా? లినక్స్, ఆండ్రాయిడ్ అప్‌డేట్ల వెనుక అసలు కథ ఇదీ!

ఫోన్‌లో వీడియో చూస్తుంటే పైన ఓ నోటిఫికేషన్ వస్తుంది. 'సెక్యూరిటీ అప్‌డేట్ రెడీగా ఉంది, ఇన్‌స్టాల్ చేయాలా?' అని. చాలామంది వేలు 'తర్వాత' మీదకే వెళ్తుంది. డేటా అయిపోతుందనో, ఫోన్ స్లో అవుతుందనో భయం. హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లోనూ పరిస్థితి దాదాపు ఇంతే. కాకపోతే అక్కడ ఒక్క ఫోన్ కాదు, వందల కొద్దీ సర్వర్లు. 'తర్వాత చూద్దాం' అనడానికి కారణాలు కూడా వేరు.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన పాయింట్ ఒక్కటే. ప్యాచ్ రిలీజైన రోజుకీ, అది మన పరికరంలోకి ఎక్కిన రోజుకీ మధ్య ఉన్న గ్యాపే అసలు ప్రమాదం. ఎందుకో చూద్దాం.

అసలు ప్యాచ్ అంటే ఏంటి?

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే లక్షల లైన్ల కోడ్. అందులో ఎక్కడో తప్పు దొర్లుతుంది. ఆ తప్పును సరిచేసే చిన్న కోడ్ ముక్కే ప్యాచ్. చిరిగిన చోట అతుకు వేసినట్టన్నమాట. ప్యాచ్‌లను మామూలుగా రెండు రకాలుగా చెబుతారు. దొంగ లోపలికి రాకుండా కన్నం మూసేది సెక్యూరిటీ ప్యాచ్. సిస్టమ్ హ్యాంగ్ అవకుండా, ఫైళ్లు పాడవకుండా చూసేది స్టెబిలిటీ ప్యాచ్.

లినక్స్ అనేది ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లకు గుండెకాయ లాంటి కెర్నెల్. దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్పులు సూచించొచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల నడిచేది కూడా లినక్స్ కెర్నెలే. అంటే లినక్స్ పేరు ఎప్పుడూ వినకపోయినా, ఆండ్రాయిడ్ ఫోన్ వాడే ప్రతి ఒక్కరూ లినక్స్ యూజరే.

ఈ కెర్నెల్‌కు 'స్టేబుల్' వెర్షన్లు దాదాపు వారం వారం వస్తుంటాయి. చాలా ఏళ్లుగా ఆ పని చూస్తున్నది గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్. స్టేబుల్‌లోకి ఏది పడితే అది తీసుకోరు. ప్యాచ్ సాధారణంగా 100 లైన్లు దాటకూడదు. నిజమైన సమస్యను పరిష్కరించాలి. అప్పటికే మెయిన్ కెర్నెల్‌లోకి చేరి ఉండాలి. కొత్త ఫీచర్లకు ఇక్కడ చోటు లేదు.

ఫైలు పాడైందని కంప్లైంట్.. తవ్వితే 'డర్టీ పైప్'

సెక్యూరిటీ ప్యాచ్ అయితే వెంటనే వేద్దాం, స్టెబిలిటీ ప్యాచ్ అయితే మెల్లగా చూద్దాం అనుకునేవాళ్లకు 2022లో ఓ పెద్ద పాఠం దొరికింది.

జర్మనీలోని ఓ వెబ్ హోస్టింగ్ కంపెనీకి 2021లో ఒక కస్టమర్ నుంచి కంప్లైంట్ వచ్చింది. డౌన్‌లోడ్ చేసిన లాగ్ ఫైలు తెరుచుకోవడం లేదని. చూడ్డానికి చిన్న విషయమే. ఆ తర్వాత మరికొన్ని ఫైళ్లు అలాగే పాడయ్యాయి. అక్కడి డెవలపర్ మ్యాక్స్ కెల్లర్‌మన్ పట్టు వదలకుండా తవ్వితే తప్పు తమ ప్రోగ్రామ్‌లో లేదని, ఏకంగా లినక్స్ కెర్నెల్‌లోనే ఉందని తేలింది. చదవడానికి మాత్రమే పర్మిషన్ ఉన్న ఫైల్‌లో మామూలు యూజర్ కూడా రాసేయగలిగే లోపం అది. దాన్ని వాడుకుంటే మొత్తం సిస్టమే చేతికి చిక్కుతుంది. దీనికే 'డర్టీ పైప్' అని పేరు పెట్టారు. అధికారిక నంబర్ సీవీఈ-2022-0847.

ఇక్కడ తేదీలు గమనించండి. 2022 ఫిబ్రవరి 20న లినక్స్ సెక్యూరిటీ టీమ్‌కు సమాచారం అందింది. మర్నాడే గూగుల్ పిక్సెల్ 6 ఫోన్‌లోనూ ఇదే లోపం ఉందని తేలింది. ఫిబ్రవరి 23న ప్యాచ్‌తో కొత్త స్టేబుల్ కెర్నెల్స్ వచ్చేశాయి. అంటే మూడు రోజుల్లో మందు రెడీ. లోపం వివరాలు మార్చి 7న ప్రపంచానికి చెప్పారు. ఆండ్రాయిడ్ సెక్యూరిటీ బులెటిన్‌లో మాత్రం ఇది మే నెలలో కనిపించింది.

మూడు రోజుల్లో తయారైన మందు ఫోన్ దాకా రావడానికి రెండు నెలలు దాటింది. పైగా, ఫిబ్రవరి 23 నాటి కెర్నెల్ అప్‌డేట్ మీద 'ఇది ప్రమాదకరమైన లోపం' అని ఎర్ర అక్షరాలతో ఏమీ రాసి లేదు. పది ప్యాచ్‌ల మధ్య పదకొండోది లాగా వచ్చింది. 'సెక్యూరిటీ అని రాసి ఉంటేనే వేస్తాం' అనుకున్నవాళ్లు ఆ రెండు వారాలూ తలుపు తీసే పడుకున్నట్టు లెక్క.

కోడ్ ఓపెన్.. అందుకే రేస్

ఓపెన్ సోర్స్ బలం ఏంటంటే, తప్పును ప్రపంచంలో ఎవరైనా పట్టుకోవచ్చు. దిద్దుబాటు కూడా అందరి కళ్ల ముందే జరుగుతుంది. కానీ ఆ దిద్దుబాటును హ్యాకర్లు కూడా చదువుతారు. ప్యాచ్ చూస్తే 'ఓహో, కన్నం ఇక్కడుందన్నమాట' అని అర్థమైపోతుంది. దాంతో ప్యాచ్ వేసుకోని సిస్టమ్‌ల కోసం వేట మొదలవుతుంది.

అలాగని కోడ్ దాచిపెడితే సేఫ్ అనుకోవద్దు. కోడ్ బయటపెట్టని సాఫ్ట్‌వేర్‌లోనూ పాత ఫైలు, కొత్త ఫైలు పోల్చి కన్నం కనిపెట్టేవాళ్లు ఉన్నారు. ఏ సిస్టమ్‌కైనా ప్యాచ్ రిలీజైన క్షణం నుంచే గడియారం తిరగడం మొదలవుతుంది.

ఫోన్ దాకా రావడానికి ఇంత లేట్ ఎందుకు?

ఆండ్రాయిడ్‌లో ప్యాచ్ ప్రయాణం పెద్ద రిలే రేస్. ముందు లినక్స్ డెవలపర్లు సరిచేస్తారు. దాన్ని గూగుల్ ఆండ్రాయిడ్‌లోకి తీసుకుంటుంది. క్వాల్‌కామ్, మీడియాటెక్ లాంటి చిప్ కంపెనీలు తమ డ్రైవర్ల ప్యాచ్‌లు జోడిస్తాయి. తర్వాత ఫోన్ కంపెనీ తన మోడల్‌కు తగ్గట్టు మార్చి, టెస్ట్ చేసి, విడతలవారీగా పంపుతుంది. ఈ గొలుసులో కొన్ని లింకులు మన హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. క్వాల్‌కామ్‌కు ఇక్కడ పెద్ద కేంద్రం ఉంది. గూగుల్ తన సేఫ్టీ ఇంజినీరింగ్ సెంటర్‌ను 2025 జూన్‌లో హైదరాబాద్‌లో ప్రారంభించింది. సీఎం రేవంత్ రెడ్డి చేతుల మీదుగా ఆ కార్యక్రమం జరిగింది.

అసలు నెలవారీ ప్యాచ్‌ల పద్ధతి మొదలవడానికి కారణం కూడా ఓ వీడియో లోపమే! 2015 జులైలో 'స్టేజ్‌ఫ్రైట్' బయటపడింది. ఆండ్రాయిడ్‌లో వీడియోలు ప్లే చేసే భాగంలోని లోపం అది. కుట్రపూరితంగా తయారుచేసిన వీడియోను ఎంఎంఎస్‌లో పంపితే చాలు, దాన్ని ఓపెన్ చేయకపోయినా ఫోన్ హ్యాకర్ చేతికి చిక్కే ప్రమాదం. దాదాపు 95 కోట్ల ఫోన్లకు ముప్పు ఉందని అప్పట్లో అంచనా వేశారు. దెబ్బకు 2015 ఆగస్టు నుంచి గూగుల్ ప్రతి నెలా సెక్యూరిటీ బులెటిన్ ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పుడప్పుడు మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 'ఆండ్రాయిడ్ యూజర్లకు హై అలర్ట్' అంటూ ఇచ్చే హెచ్చరికల్లో చాలావాటికి ఆధారం ఈ బులెటిన్లే.

హైటెక్ సిటీ సర్వర్లకు రాత్రిళ్లే ఎందుకు?

ఇక ఆఫీసుల సంగతి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికీ, ఇప్పటికీ ఐటీ కారిడార్ చాలా మారింది. ఇప్పుడు ఇక్కడి టీమ్‌లు విదేశాల్లోని బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు, షాపింగ్ సైట్ల సర్వర్లను చూసుకుంటున్నాయి. వాటిలో పెద్ద భాగం లినక్స్ మీదే నడుస్తుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద 'లినక్స్ అడ్మిన్' అని కనిపించేది ఈ ఉద్యోగాల కోసమే.

కెర్నెల్ ప్యాచ్ వేశాక మామూలుగా సర్వర్‌ను రీబూట్ చేయాలి. బ్యాంకు సర్వర్‌ను పట్టపగలు ఆపుతామంటే ఎవరూ ఒప్పుకోరు. అందుకే శనివారం రాత్రి, ఆదివారం తెల్లవారుజాము లాంటి టైమ్ చూసి, ముందే అనుమతి తీసుకుని ఆ పని కానిస్తారు. రీబూట్ లేకుండానే కొన్ని ప్యాచ్‌లు ఎక్కించే 'లైవ్ ప్యాచింగ్' సదుపాయం 2015 నుంచి లినక్స్ కెర్నెల్‌లో ఉంది. కానీ అన్ని ప్యాచ్‌లకూ అది పనికిరాదు.

అడ్మిన్లకు ఇంకో తలనొప్పి కూడా వచ్చింది. 2024 ఫిబ్రవరి నుంచి లినక్స్ కెర్నెల్ టీమ్ లోపాలకు సీవీఈ నంబర్లను తానే ఇస్తోంది. కెర్నెల్‌లో ఏ చిన్న లోపమైనా సెక్యూరిటీ సమస్యగా మారొచ్చన్నది వాళ్ల వాదన. దాంతో నంబర్ల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. ఒక్కో లోపాన్నీ చూసి 'ఇది మనకు అవసరమా' అని తేల్చుకోవడం కష్టం. అందుకే మొత్తం స్టేబుల్ అప్‌డేట్‌నే వేసుకోవాలని కెర్నెల్ డెవలపర్లు చెబుతుంటారు.

తొందరపడితే? శంషాబాద్‌లో చూశాం

మరి వచ్చిన వెంటనే అన్ని మెషీన్లలో వేసేస్తే సరిపోదా? 2024 జులై 19 గుర్తుందా? శంషాబాద్ ఎయిర్‌పోర్టులో సిస్టమ్‌లు మొరాయించాయి. విమానాలు రద్దయ్యాయి. ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఓ ప్రయాణికుడి చేతిరాత పాస్ సోషల్ మీడియాలో తెగ వైరల్ అయింది.

కారణం క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక చిన్న అప్‌డేట్. మన టైమ్ ప్రకారం ఉదయం 9.39కి వచ్చింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు బ్లూ స్క్రీన్ చూపించాయి. లినక్స్, మ్యాక్ సిస్టమ్‌లకు ఆ రోజు ఇబ్బంది రాలేదు. అయినా పాఠం అందరికీ ఒకటే. సరిగ్గా టెస్ట్ చేయని అప్‌డేట్‌ను అందరికీ ఒకేసారి పంపితే, అప్‌డేటే ఆపద అవుతుంది.

ఆగితే? ఏపీ పోలీసులకు తగిలిన దెబ్బ

ఆలస్యం చేస్తే ఏమవుతుందో 2017 మేలో తెలిసొచ్చింది. వానాక్రై ర్యాన్సమ్‌వేర్ దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టేసింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దీని బారిన పడ్డాయి. ఫైళ్లన్నీ లాక్, తాళం కావాలంటే డబ్బు కట్టాలి!

ఇదీ విండోస్ లోపమే. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. దాడికి రెండు నెలల ముందే మందు ఉంది, వేసుకోనివాళ్లే దొరికిపోయారు. ఇక విండోస్ ఎక్స్‌పీ వాడుతున్నవాళ్ల పరిస్థితి మరీ ఘోరం. దానికి 2014లోనే సపోర్ట్ ఆగిపోయింది. కాబట్టి మార్చిలో అందరికీ ఇచ్చిన ప్యాచ్ వాళ్లకు రాలేదు. దాడి జరిగాకే మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా ఇవ్వాల్సి వచ్చింది.

అంటే శంషాబాద్ ఘటన తొందరపాటు ఖరీదు చూపిస్తే, వానాక్రై ఆలస్యం ఖరీదు చూపించింది. ఈ రెండింటి మధ్య దారి ఏంటంటే.. ముందు టెస్ట్ సర్వర్‌లో వేయడం, తర్వాత కొన్ని మెషీన్లలో చూడడం, అంతా బాగుంటే అన్నింటికీ పంపడం. తేడా వస్తే వెనక్కి వచ్చే దారి కూడా ఉండాలి. చాలా లినక్స్ సిస్టమ్‌లలో పాత కెర్నెల్ అలాగే ఉంటుంది. కొత్తది మొరాయిస్తే స్టార్టింగ్ మెనూలో పాతది ఎంచుకోవచ్చు.

గడువు తీరితే ప్యాచ్ ఉండదు

ఓపెన్ సోర్స్ కదా, ఎప్పటికీ ఫ్రీగా ప్యాచ్‌లు వస్తాయనుకుంటే పొరపాటే. కంపెనీల్లో ఏళ్ల తరబడి నడిచిన సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తో గడువు తీరిపోయింది. రాకీ లినక్స్, ఆల్మా లినక్స్ లాంటి వాటికి మారడమో, డబ్బు కట్టి అదనపు సపోర్ట్ కొనుక్కోవడమో చేయని సర్వర్లకు కొత్త ప్యాచ్‌లు రావు.

ఫోన్లదీ ఇదే లెక్క. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 నుంచి ఖరీదైన మోడళ్లకు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని కంపెనీలు చెప్పాయి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఆ గడువు బాగా తక్కువ. జగదీశ్ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు కెమెరా, బ్యాటరీ చూస్తారు కానీ, ప్యాచ్ తేదీ చూసేవాళ్లు తక్కువ. మాదాపూర్‌లో ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడికైనా, క్యాబ్ నడిపే డ్రైవర్‌కైనా సంపాదన, యూపీఐ, బ్యాంక్ ఓటీపీ అన్నీ ఆ ఒక్క ఫోన్‌లోనే. నష్టం జరిగితే తట్టుకోలేనివాళ్ల చేతుల్లోనే ప్యాచ్ ఆగిపోయిన ఫోన్లు ఎక్కువగా ఉండడం అసలు సమస్య.

మరి మీరేం చేయాలి?

సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్'లోకి వెళ్లి ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కండి. 'ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్' అని ఒక తేదీ కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో పేర్లు కాస్త వేరుగా ఉంటాయి. ఆ తేదీ మీరు అప్‌డేట్ చేసిన రోజు కాదు. ఏ బులెటిన్ వరకు ప్యాచ్‌లు పడ్డాయో చెప్పే తేదీ. తేదీ చివర 01 ఉంటే ఆండ్రాయిడ్ భాగాల ప్యాచ్‌లు, 05 ఉంటే వాటితోపాటు కెర్నెల్, చిప్ ప్యాచ్‌లు కూడా పడ్డట్టు. అక్కడే 'గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్' కూడా చెక్ చేసుకోండి.

అప్‌డేట్ చేస్తే ఫోన్ పాడవుతుందన్న భయం ఉంటే ఒక విషయం తెలుసుకోండి. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్‌కు మారడం వేరు, నెలవారీ సెక్యూరిటీ ప్యాచ్ వేరు. రెండోది చాలా చిన్నది. పైగా ఇప్పటి చాలా ఫోన్లలో కొత్త సిస్టమ్ పక్కనున్న ఖాళీ భాగంలో ఇన్‌స్టాల్ అవుతుంది. అది స్టార్ట్ కాకపోతే ఫోన్ తిరిగి పాత సిస్టమ్‌తోనే ఆన్ అవుతుంది.

మీ ఫోన్‌లో ఆ తేదీ ఏడాది కంటే పాతదై, కొత్త అప్‌డేట్లు కూడా రావడం లేదంటే ఆ మోడల్‌కు గడువు తీరిపోయి ఉండొచ్చు. వెంటనే కొత్త ఫోన్ కొనలేకపోతే కనీసం బ్యాంకు, యూపీఐ యాప్‌లను ప్యాచ్‌లు వస్తున్న వేరే ఫోన్‌కు మార్చుకోండి. మెసేజ్‌లలో వచ్చే ఏపీకే ఫైళ్లను అస్సలు ముట్టుకోవద్దు. ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లలోనూ ఆ తేదీ ఎంతవరకు వచ్చిందో ఒకసారి చూడండి.