పసుపు గిర్నీలో పొడి కూడా పేలుతుంది: మరమ్మతుకు ముందు ఏం చూసుకోవాలి

నవీపేట్, నిజామాబాద్ చుట్టుపక్కల చాలామంది రైతులు, మహిళా సంఘాల సభ్యులు ఇప్పుడు పసుపును కొమ్ములుగా కాకుండా పొడి పట్టించి అమ్మాలని చూస్తున్నారు. జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం 2025లో నిజామాబాద్‌కు వచ్చాక ఈ ఆలోచన ఇంకా పెరిగింది. మంచిదే. కానీ యంత్రం అమ్మేవాళ్లు గంటకు ఎన్ని కిలోలు పడుతుందో చెబుతారు గాని, గదిలో ఎగిరే పొడి సంగతి చెప్పరు.

పసుపు పొడి కుప్పకు నిప్పు తగిలితే నెమ్మదిగా కమురుతుంది. అదే పొడి గాలిలో మబ్బులా లేచి ఉన్నప్పుడు రవ్వ పడితే, ప్రతి రేణువు చుట్టూ గాలి ఉంటుంది కాబట్టి అంతా ఒక్కసారే అంటుకుంటుంది. మూసిన గదిలో ఆ వేడిగాలికి పోయే దారి ఉండదు. గోడలు, రేకులు ఎగిరిపోతాయి. మిరప పొడి, గోధుమ పిండి, చక్కెర పొడి కూడా ఇంతే.

బోధన్ చెరకు రైతులకు చక్కెర కర్మాగారం కొత్త కాదు. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఇంపీరియల్ షుగర్ కర్మాగారం చక్కెర పొడి వల్లనే పేలి 14 మంది చనిపోయారు. గోదాముల కింద నడిచే కన్వేయర్‌ను అంతకుముందే రేకులతో మూశారు. లోపల పొడి నిండింది. బాగా వేడెక్కిన బేరింగ్ దాన్ని అంటించి ఉంటుందని దర్యాప్తులో తేల్చారు. మొదటి పేలుడు అదురుకు దూలాల మీద, నేల మీద ఏళ్లుగా పేరుకున్న పొడి లేచి, అదీ అంటుకుని భవనాలను కూల్చింది. మన దగ్గర, 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి 40 మందికి పైగా ప్రాణాలు పోయాయి. అక్కడ తయారయ్యేది మందు బిళ్లల్లో వాడే సెల్యులోజ్ పొడి.

మీ గిర్ని అంత పెద్దది కాదు. కానీ 10 అడుగుల గదిలో మనిషి యంత్రానికి రెండడుగుల దూరంలోనే నిలబడతాడు.

ప్రమాదం ఎక్కువగా మరమ్మతు రోజునే వస్తుంది, ముఖ్యంగా వెల్డింగ్‌తో. జల్లెడ డబ్బా పగిలిందనో, హాపర్ కాలు ఊగుతోందనో వెల్డర్‌ను పిలుస్తారు. విప్పగలిగిన భాగాన్ని విప్పి ఆరుబయట వెల్డింగ్ చేయించండి. విప్పలేకపోతే మిల్లు ఆపి, మెయిన్ తీసి, ఫ్యూజు మీ జేబులో పెట్టుకోండి. పొడి పూర్తిగా దిగేదాకా ఆగండి. తర్వాత దూలాలు, గోడ అంచులు, హాపర్ లోపల, గుడ్డ సంచి, పైపులు అన్నీ శుభ్రం చేయాలి. పైపు బయట వెల్డింగ్ పెట్టినా లోపలి పొడి ఆ వేడికే కమురుతుంది, ఇది వెల్డర్లకు కూడా తట్టదు. రవ్వలు 10 మీటర్ల దాకా పోగలవు కాబట్టి గోనె సంచులు, కొమ్ముల బస్తాలు అంత దూరం జరపాలి. పని అయ్యాక కనీసం గంటసేపు ఒక మనిషి అక్కడే ఉండి చూడాలి.

శుభ్రం చేయడానికి కంప్రెసర్ గాలి కొట్టకండి. ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది, నిజమే. కానీ కుదురుగా ఉన్న పొడిని మీరే గాలిలోకి లేపుతున్నారు. మెత్తని చీపురు, తడిగుడ్డ చాలు. మామూలు వాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు, దాని మోటారులోనే రవ్వ పుడుతుంది. నేల మీద పొడి రంగు కింద గచ్చు కనబడకపోతే ఆ రోజే ఊడ్చాలి.

బేరింగుల సంగతి. మిల్లు ఆపిన వెంటనే బేరింగ్ డబ్బా మీద చేయి ఆనించి చూడండి. చేయి నిలపలేనంత వేడిగా ఉంటే మళ్లీ నడపవద్దు. గ్రీజు తక్కువైతేనే కాదు, ఎక్కువ కుక్కినా బేరింగ్ వేడెక్కుతుంది. వదులైన బెల్టు జారి కాలుతుంది. హాపర్ దగ్గర అయస్కాంతం పెడితే కొమ్ములతో వచ్చే మేకులు, నట్లు లోపలికి పోవు. కల్లంలో ఆరబెట్టిన పసుపులో రాళ్లూ ఉంటాయి, వాటిని అయస్కాంతం పట్టదు, జల్లించే పోయాలి.

ఇనుప పైపు పగిలితే ప్లాస్టిక్ పైపు తొడగడం మామూలైపోయింది. పొడి రాపిడికి అందులో కరెంటు పుట్టి, ఎర్త్‌కు పోయే దారి లేక చిటపటమంటుంది. ఇనుపదే వేయించి, మిల్లుతో కలిపి ఎర్త్ చేయించండి. స్విచ్ బోర్డు గది బయట ఉండాలి. మోటారు నేమ్‌ప్లేట్ మీద ఐపీ అని రెండంకెలు ఉంటాయి. మొదటి అంకె 6 అయితే పొడి లోపలికి చొరబడదు, 5 అయితే కొంత పోతుంది.

నడుస్తుండగా మాడు వాసన వస్తే కరెంటు ఆపి బయటికి రండి. వెంటనే మూత తెరవకండి, గాలి తగిలి భగ్గుమంటుంది. కమురుతున్న పొడి మీద బకెట్ నీళ్లు విసిరినా పొడి లేస్తుంది. కరెంటు తీశాక సన్నగా చిలకరించాలి. మంట పెరిగితే 101కి ఫోన్ చేయండి.

ఇదే వెల్డర్ మీ డీజిల్ డ్రమ్ముకు కూడా మాటు వేస్తాడు. ఖాళీ డ్రమ్ములో ఆవిరి ఉంటుంది కనుక నిండు డ్రమ్ముకన్నా అదే ప్రమాదం. కడిగి, మాటు వేసే చోటు దాకా నీళ్లు నింపిన తర్వాతే చేయించండి. గోబర్ గ్యాస్‌లోని మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం కలిసినప్పుడు పేలుతుంది. పైపు లీకు చూడాలంటే సబ్బు నురగ రాయండి, అగ్గిపుల్ల వద్దు.