జాతీయాదాయంలో రాయని ఖర్చు

సంఘాల లెక్కల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము ముందుగా చూసేది తరుగుదల పద్దు. కొన్నేళ్ళ క్రితం ఒక సంఘంలో ఆ పద్దు ఖాళీగా ఉన్నది. యంత్రాల తరుగు రాయకుండా మిగులు ఎక్కువగా చూపి బోనసు పంచారు. రెండేళ్ళకు పాలు పరీక్షించే యంత్రం పాడైనది. కొత్తది కొనడానికి నిధి లేదు. తాము పంచుకున్నది లాభం కాదు, యంత్రం ఖరీదేనని సభ్యులకు అప్పుడు తెలిసింది.

దేశాల జాతీయాదాయం లెక్కలోనూ ఇటువంటి లోపమే ఉన్నది. బొగ్గు, డీజిలు కాల్చి తయారుచేసిన సరుకు విలువ ఆదాయంలో చేరుతుంది. అప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, చేసే నష్టాన్ని మాత్రం ఖర్చుగా రాయరు.

ఈ వాయువు భూమి నుండి పోవలసిన వేడిని పట్టి ఉంచుతుంది. హవాయి దీవిలోని మౌనా లోవా కేంద్రంలో 1958లో కొలత మొదలుపెట్టినప్పుడు ఇది గాలిలో పది లక్షల పాళ్ళకు సుమారు 315 పాళ్ళు; 2024 నాటికి 420 దాటింది. ఎండ ముదిరితే పశువు మేత తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి, గేదెల్లో ఎద సరిగా కనబడదు. వేసవి తగ్గుదల అంతా దీనివల్లనే అనరాదు. ఎప్పుడూ ఉండే ఎండకు ఇది అదనపు భారం.

మరి టన్నుకు నష్టం ఎంత? అమెరికా ప్రభుత్వం 2021లో 51 డాలర్లని, అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ 2023లో 190 డాలర్లని లెక్క కట్టాయి. ఇంత తేడాకు ఒక ముఖ్య కారణం వడ్డీ. నూరేళ్ళ తరువాత జరిగే 1000 రూపాయల నష్టం, నూటికి 3 వడ్డీతో చూస్తే నేటి విలువలో 52 రూపాయలు. నూటికి 2 అయితే 138 రూపాయలు. మనుమల నష్టాన్ని ఎంత తక్కువగా చూస్తామన్నదే ఈ వడ్డీ. 2025లో అక్కడి ప్రభుత్వం ఈ లెక్కలను పక్కన పెట్టింది. పద్దు కొట్టివేసినంత మాత్రాన అప్పు తీరదు కదా!

2023లో ప్రపంచంలో బొగ్గు, చమురు వంటి ఇంధనాల నుండి సుమారు 3,700 కోట్ల టన్నుల వాయువు వెలువడింది. ప్రపంచ ఉత్పత్తి సుమారు 105 లక్షల కోట్ల డాలర్లు. 51 డాలర్ల చొప్పున నష్టం ఆదాయంలో నూటికి 2కు కొంచెం తక్కువ. 190 చొప్పున నూటికి 7కు దగ్గర. మన దేశంలో సుమారు 300 కోట్ల టన్నులు, ఉత్పత్తి దాదాపు 3.6 లక్షల కోట్ల డాలర్లు. అంటే నూటికి 4 నుండి 16 వరకు. మన ఆదాయం తక్కువ, బొగ్గు వాడకం ఎక్కువ కనుక మన శాతం హెచ్చు. అయితే తలకు చూస్తే మనది 2 టన్నులు, అమెరికా వారిది 14 టన్నులు. పైగా పొగ వదిలిన దేశంలోనే నష్టం ఆగదు, అందరికీ పంచబడుతుంది.

లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల వాయువు వస్తుంది. 2023 మారకపు రేటు ప్రకారం, లీటరుకు 11 నుండి 42 రూపాయల రాయని ఖర్చు అన్నమాట.

బ్రిటన్ ప్రభుత్వం కోసం నికొలస్ స్టెర్న్ 2006లో సమర్పించిన నివేదిక ప్రకారం, అరికట్టడానికి ప్రపంచ ఆదాయంలో ఏటా నూటికి 1 చాలు. ఊరుకుంటే నష్టం నూటికి 5కు తగ్గదు. గాలికుంటు టీకా ఖర్చుకూ, వ్యాధి వచ్చాక జరిగే నష్టానికీ ఉన్న తేడా మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

కావున పాల వ్యాను దారులు కలిపి డీజిలు తగ్గించుట, పేడతో గోబరు గ్యాసు వాడుట, పాకల వద్ద నీడచెట్లు పెంచుట మన చేతిలో ఉన్న పనులు. వచ్చే సర్వసభ్య సమావేశంలో కార్యదర్శులు ఏడాది డీజిలు, కరెంటు వాడకాన్ని లీటర్లలో, యూనిట్లలో చదివి వినిపించవలెనని కోరుతున్నాము. రాసిన ఖర్చునే తగ్గించగలము.