స్కీయింగ్‌కు వెళ్దామా? ముందు అమ్మమ్మను లెక్కలోకి తీసుకోండి



దసరా సెలవులు అయిపోయి బడి తెరవగానే మా స్టాఫ్ రూమ్‌కు ఒక ప్రశ్న రావడం మొదలవుతుంది. "సార్, సంక్రాంతి సెలవులు ఎప్పటి నుంచి?" ఇదివరకు ఊరికి వెళ్లడానికి అడిగేవారు. ఇప్పుడు చాలామంది మంచు చూడటానికి అడుగుతున్నారు. పిల్లలు ఫోన్లో స్కీయింగ్ వీడియోలు చూసి పట్టుబడుతున్నారు. వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి కాబట్టి, "ఎక్కడికి వెళ్తే మంచిది సార్?" అనే రెండో ప్రశ్న కూడా నా దగ్గరికే వస్తుంది. ఔలీయా, గుల్మార్గా, మనాలీ దగ్గరి సోలాంగా? నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీ గుంపును చూడండి. హన్మకొండ నుంచి రెండు కుటుంబాలు కలిసి బయలుదేరాయనుకుందాం, మొత్తం తొమ్మిది మంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ. ఒకటో తరగతి పాప. రోలర్ స్కేటింగ్ వచ్చిన ఎనిమిదో తరగతి అబ్బాయి. ఇంటర్ మొదటి సంవత్సరం అమ్మాయి. నలుగురు పెద్దవాళ్లు, వారిలో ఒకాయనకు బీపీ. తొమ్మిదో మనిషి డెన్వర్ నుంచి వచ్చిన బాబాయి. ఆయన కొలరాడోలో ఐదారేళ్లుగా స్కీయింగ్ చేస్తున్నారు. మిగతా ఎనిమిది మందీ మంచును సినిమాల్లో తప్ప చూడలేదు. మన వరంగల్ వాళ్ల గుంపులు చాలావరకు ఇలాగే ఉంటాయి.

ఇలాంటి గుంపులో ఊరిని ఎంచేది ఎవరు? సహజంగా బాబాయే. తెలిసినవాడు కదా! ఆయన గుల్మార్గ్ అంటారు, అక్కడి అఫర్వత్ కొండ పైవరకు గొండోలాలో వెళ్దామంటారు. ఆయన కోణంలో అది తప్పు కాదు, మన దేశంలో అంతటి స్కీయింగ్ కొండ మరొకటి లేదు. కానీ అది ఆయన ఒక్కరికి పనికొచ్చే కొండ. మిగతా ఎనిమిది మంది డబ్బు, సెలవులు కూడా అందులోనే ఖర్చవుతాయి. అందుకే నేను ఎవరడిగినా ఒకే మాట చెబుతాను: గుంపులో అందరికన్నా బాగా వచ్చినవాళ్లను బట్టి కాదు, అసలు స్కీ కట్టుకోనివాళ్లను బట్టి, మొదటిసారి కట్టుకునేవాళ్లను బట్టి ఊరిని ఎంచండి. బాగా వచ్చినవాళ్లు ఎక్కడైనా సర్దుకుంటారు.

మొదటిసారి నేర్చుకునేవారికి కావలసింది పెద్ద కొండ కాదు. కొద్దిపాటి వాలు, ఆ వాలు చివర చదునైన నేల. బ్రేకు వేయడం రాకపోయినా స్కీలు వాటంతట అవే ఆగిపోవాలి. మొదటి రోజంతా నేర్పేది ఆగడమే. రెండు స్కీల ముందు కొనలను దగ్గరికి తెచ్చి, వెనక భాగాలను విడదీస్తే వేగం తగ్గుతుంది. చిన్నపిల్లలకు దాన్ని 'పిజ్జా ముక్క' అని నేర్పుతారు. స్కేటింగ్ వచ్చిన అబ్బాయికి ఇది ఒక పూటలో పట్టుబడవచ్చు. పెద్దవాళ్లకు రెండు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. అంతవరకు వారికి కావలసిన స్థలం మన జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం మైదానమంత ఉంటే చాలు.

ఇప్పుడు ఊళ్ల సంగతి. గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఊరి మధ్యలోనే గిన్నెలాంటి పెద్ద మైదానం. ఎండాకాలంలో గోల్ఫ్ ఆడే ఆ నేల మీదే చలికాలంలో కొత్తవాళ్లు నేర్చుకుంటారు. పైకి లాగే చిన్న లిఫ్టులూ ఉన్నాయి. చాలా హోటళ్ల నుంచి నడిచి వెళ్లవచ్చు, అంటే అమ్మమ్మ కిటికీ దగ్గర కూర్చుని మనవరాలు పడటం, లేవడం చూడవచ్చు. గొండోలా రెండు దశల్లో వెళ్తుంది. మొదటి దశ సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉన్న కొంగ్‌డూరి వరకు, రెండోది దాదాపు 3,950 మీటర్ల దాకా. మొదటి దశకు ఆరోగ్యంగా ఉన్న అందరూ వెళ్లి, అదే కేబుల్ కారులో దిగి రావచ్చు.

రెండో దశ దగ్గరే నా అభ్యంతరం. హన్మకొండ సముద్ర మట్టానికి మూడు వందల మీటర్లు కూడా లేదు. అక్కడి నుంచి వెళ్లిన మనిషి ఒకటి రెండు రోజుల్లో నాలుగు వేల మీటర్ల దగ్గర నిలబడితే తలనొప్పి, వికారం, ఆయాసం రావచ్చు. 2,500 మీటర్లు దాటినప్పటి నుంచే కొందరికి ఇవి మొదలవుతాయి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఆ టికెట్టు కొనకూడదు. ఇక స్కీయింగ్ అంటారా, అఫర్వత్ పైభాగం కొలరాడో రిసార్టుల్లాగా యంత్రాలతో చదును చేసిన బాట కాదు. సహజమైన మంచు, మంచు చరియలు విరిగిపడే చోటు. 2023 ఫిబ్రవరిలో అక్కడ ఇద్దరు పోలండ్ స్కీయర్లు చరియ కింద చనిపోయారు. అనుభవం ఉన్నవాళ్లకే అలా జరిగింది. బాబాయి వెళ్లదలచుకుంటే స్థానిక గైడును పెట్టుకుని వెళ్లాలి. ఇంటర్ అమ్మాయిని మాత్రం "నేనున్నాగా" అని వెంట తీసుకెళ్లకూడదు. ఈ మాట హన్మకొండలోనే, బయలుదేరకముందే తేల్చుకోండి. అక్కడికి వెళ్లాక ఉత్సాహంలో ఎవరూ వినరు.

గుల్మార్గ్‌తో చిక్కు ఖర్చు. శ్రీనగర్ దాకా విమానం, అక్కడి నుంచి సుమారు 50 కిలోమీటర్లు కారు. మంచు ఎక్కువగా పడితే టంగ్‌మార్గ్‌లో దిగి, చక్రాలకు గొలుసులు కట్టిన బండికి మారాలి, దానికి మళ్లీ బేరం. 2025 జూన్‌లో కట్రా నుంచి శ్రీనగర్‌కు వందేభారత్ రైలు మొదలైంది కాబట్టి ఢిల్లీ, కట్రా మీదుగా రైల్లోనే చేరవచ్చు. డబ్బు మిగులుతుంది, రోజులు పోతాయి.

ఈ రోజుల లెక్కే చాలామంది మరిచిపోతారు. కాజీపేటలో ఉదయం తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు ఉదయం ఢిల్లీ. అక్కడి నుంచి రాత్రి బస్సులో మనాలీకి 12 నుంచి 14 గంటలు. అంటే పోవడానికి రెండు రాత్రులు, రావడానికి రెండు రాత్రులు. వారం రోజుల సెలవుల్లో మంచు మీద గడిపేది మూడు రోజులు. ఔలీకైతే ఢిల్లీ నుంచి హరిద్వార్, అక్కడి నుంచి జోషీమఠ్‌కు రోజంతా ఘాట్ రోడ్డు. మిగిలేది రెండు రోజులు. విమానంలో గుల్మార్గ్ వెళ్తే ఐదు రోజులు మిగులుతాయి. మొత్తం ఖర్చును ప్రయాణపు రోజులతో కాకుండా మంచు మీద గడిపే రోజులతో భాగించి చూడండి. చవక అనుకున్నది కొన్నిసార్లు అంత చవక కాదు.

ఔలీ నాకు ఇష్టమైన చోటు. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగిన వాలు అది, ఎదురుగా నందాదేవి. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ ఏడు రోజులు, పద్నాలుగు రోజుల స్కీయింగ్ కోర్సులు నడుపుతుంది. కానీ మన గుంపుకు అది సరిపడదు. జోషీమఠ్‌లో నేల కుంగడంతో 2023 జనవరిలో ఔలీ రోప్‌వేను ఆపేశారు. వెళ్లేముందు దాని సంగతి కనుక్కోండి, రోడ్డు మార్గమే దిక్కయితే మంచులో అమ్మమ్మకు కష్టం. స్కీయింగ్ చేయనివాళ్లకు అక్కడ చూడటం తప్ప పని తక్కువ. డిగ్రీ చదివే పిల్లలు నలుగురు కలిసి కోర్సుకు వెళ్తే మాత్రం ఔలీని మించింది లేదంటాను.

సోలాంగ్ వాలు చిన్నది. బాబాయికి ఒక పూటలో విసుగొస్తుంది. అయితే మన తొమ్మిది మందిలో ఎనిమిది మందికి అది చాలు. మనాలీ నుంచి 13 కిలోమీటర్లు. బస మనాలీలో, అక్కడ హోటళ్లు ఎక్కువ కాబట్టి అద్దె బేరమాడే వీలుంది. రోప్‌వే ఉంది. స్కీ కట్టుకోనివాళ్లు హిడింబా ఆలయం చూసుకోవచ్చు, దారి తెరిచి ఉంటే 9 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి లాహౌల్‌లోని సిస్సూ దాకా వెళ్లిరావచ్చు. మంచు బాగా పడిన రోజు పోలీసులు మామూలు కార్లను మధ్యలోనే ఆపేస్తారు, అది గుర్తుంచుకోండి. రైలు ప్రయాణం, తక్కువ డబ్బు, అందరూ కొత్తవాళ్లు అయితే నా ఓటు సోలాంగ్‌కే. విమానానికి డబ్బు పెట్టగలిగితే గుల్మార్గ్, మొదటి దశ వరకే.

ఏ ఊరైనా మంచుకు హామీ లేదు. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే తేమగాలులను వాతావరణ శాఖ 'వెస్టర్న్ డిస్టర్బెన్సులు' అంటుంది. హిమాలయాల్లో చలికాలపు మంచు చాలావరకు వాటి వల్లే. అవి ఆలస్యమైతే కొండలు ఎండిపోతాయి. 2024లో సంక్రాంతి వేళకు గుల్మార్గ్‌లోనే మంచు లేదు, నెలాఖరుకు గానీ పడలేదు. 2025 ఫిబ్రవరిలో మంచు చాలక ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను మార్చికి వాయిదా వేశారు. అందుకని హోటల్ బుక్ చేసేటప్పుడు గది అద్దె కన్నా ముందు రద్దు నిబంధన చదవండి. క్రిస్మస్‌కు వెళ్తే బాబాయి పిల్లల సెలవులకు కుదురుతుంది, కానీ అప్పటికి మంచు ఇంకా తక్కువ, కొత్త సంవత్సరం ధరలు ఎక్కువ.

డబ్బు ఎక్కడ తగ్గించాలి? గదిలో తగ్గించండి, ఇన్‌స్ట్రక్టర్ దగ్గర వద్దు. నలుగురైదుగురు కొత్తవాళ్లకు ఒక ఇన్‌స్ట్రక్టర్‌ను పంచుకుంటే తలకు పడేది తక్కువే. బాబాయి నేర్పుతానంటారు. వద్దనండి, ఆయన సెలవులూ పోతాయి, మీ ఓపికా పోతుంది. గంటకా, రోజుకా, స్కీలు, బూట్లు, హెల్మెట్ అద్దె కలిపా అన్నది ముందే మాట్లాడి వాట్సాప్‌లో రాయించుకోండి. కోట్లు, గమ్‌బూట్లు అక్కడ అద్దెకు దొరుకుతాయి, కొనవద్దు. కొనాల్సినవి నీళ్లు పట్టని చేతి తొడుగులు, ఉన్ని సాక్సులు, నల్ల కళ్లద్దాలు. జీన్సు ప్యాంటు తడిస్తే ఆరదు, పిల్లలకు వేయకండి. మీ ఆరోగ్య బీమా సాహస క్రీడల్లో తగిలే దెబ్బలకు వర్తిస్తుందో లేదో కూడా అడగండి. కొన్ని పాలసీల్లో వర్తించదు.

ఒక పని మాత్రం ఈ రోజే మొదలుపెట్టవచ్చు. స్కీయింగ్‌కు బలం తొడల్లో ఉండాలి. దానికి మంచి వ్యాయామం మీకందరికీ తెలిసిందే, మన చిన్నప్పుడు బడిలో శిక్షగా వేయించిన గోడకుర్చీ. ఇప్పుడు మా బడిలో అది శిక్ష కాదు, పీఈటీ పీరియడ్‌లో వ్యాయామం. రోజూ అర నిమిషంతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి, పిల్లలతో పాటు నాన్న కూడా. ఆదివారం ఉదయం పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కి దిగండి. అక్కడే ఆయాసపడేవాళ్లు ఎవరో ఇప్పుడే తెలిసిపోతుంది.

రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. జనవరి రెండో వారంలో బయలుదేరాలంటే నవంబరు రెండో వారంలో ఉదయాన్నే కూర్చోవాలి. అమ్మమ్మకు లోయర్ బెర్త్ అడగడం మరవకండి.