కార్డు కనపడదు, ప్యాకెట్ మాత్రం వెళుతుంది

ఒరే నాన్నా, ఒకే సర్వర్లో ఇరవై వర్చువల్ మెషీన్లు నడుస్తుంటే వెనకాల నెట్ కేబులు ఒక్కటే ఉందేమిటి తాతయ్యా అని అడిగావు కదా. అడగాల్సిన ప్రశ్నే. చెబుతా విను.

వర్చువల్ మెషీను మొత్తం సాఫ్ట్‌వేరే కాబట్టి దాని నెట్‌వర్క్ కార్డూ సాఫ్ట్‌వేరే. లైనక్స్ సర్వర్లలో ఆ కార్డుని తయారుచేసేది ఎక్కువగా క్యూఎము అనే ప్రోగ్రాము. లోపలున్న విండోసో ఉబుంటూనో పలకరిస్తే, ఇంటెల్ గిగాబిట్ కార్డు ఎలా పలుకుతుందో అచ్చం అలాగే పలుకుతుంది. డ్రైవరు నమ్మేస్తుంది. చిక్కల్లా, డ్రైవరు కార్డుని కదిపినప్పుడల్లా లోపలి మెషీను ఆగాలి, క్యూఎము ఆ పని చూడాలి, మెషీను మళ్ళీ సాగాలి. సెకనుకి వేలసార్లు ఇదే తంతయితే ప్రాసెసరుకి ఊపిరాడదు.

దీనికి విరుగుడు విర్టయో. రస్టీ రసెల్ దాని గురించి 2008లో పత్రం రాశాడు. ఇందులో ఇంటెల్ కార్డు వేషం అక్కర్లేదు. లోపలివాడూ బయటివాడూ ఇద్దరూ చూడగలిగే మెమరీలో 'ప్యాకెట్ ఫలానా చోట పెట్టాను' అని ఒకరు రాస్తే రెండోవారు తీసుకుంటారు. బోలెడు ప్యాకెట్లు పోగేసి ఒక్కసారే కబురు పెట్టొచ్చు. ఎంత చక్కటి ఆలోచనో చూడు!

ఇక ఆ కార్డు బయటి కొస. సర్వర్లో ఐపీ లింక్ అని కమాండు కొట్టు, వీనెట్0, వీనెట్1 అని వరసగా కనిపిస్తాయి. వాటిని ట్యాప్‌లంటారు. లోపలి మెషీను అప్‌లోడ్ చేస్తుంటే దాని వీనెట్ లెక్కల్లో పెరిగేది ఆర్ఎక్స్ (అందుకున్నవి) అంకె, టీఎక్స్ (పంపినవి) కాదు. కొత్త కుర్రాళ్ళు లెక్క తిరగబడిందని కంగారుపడతారు. మెషీను పంపింది సర్వరుకి అందిందన్నమాట, అంతే.

ఈ వీనెట్లూ, కేబులున్న అసలు కార్డూ అన్నీ బ్రిడ్జి అనే సాఫ్ట్‌వేర్ స్విచ్చికి తగిలించి ఉంటాయి. బ్రిడ్జి కొత్తగా చేరిన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటిది. ఎవరు ఏ ఫ్లాటులోంచి వచ్చారో చూసి గుర్తుపెట్టుకుంటుంది. తెలియని పేరొస్తే అన్ని తలుపులూ కొడుతుంది. మామూలుగా 300 సెకన్లు అలికిడి లేకపోతే ఆ మనిషిని మరిచిపోతుంది. ఒకే బ్రిడ్జి మీదున్న రెండు మెషీన్లు మాట్లాడుకుంటే ఆ ప్యాకెట్ కేబుల్ని ముట్టుకోనే ముట్టుకోదు. కేబులు పీకేసినా వాటి కబుర్లు ఆగవు. అదంతా మెమరీలో కాపీయే కనుక గిగాబిట్ కేబులు మోసేదానికన్నా వేగంగా కూడా సాగుతుంది.

బ్రిడ్జి గుర్తుపట్టేది మ్యాక్ అడ్రసుని. క్యూఎము కార్డులవి సాధారణంగా 52:54:00తో మొదలవుతాయి. ఆ 52లో ఒక బిట్టు, ఇది ఫ్యాక్టరీలో వేసిన నంబరు కాదు, ఇక్కడే పెట్టుకున్నది అని చెబుతుంది. అలా మనం పెట్టుకున్నదే కనుక జాగ్రత్త కూడా మనదే. మెషీను ఫైళ్ళని చేత్తో కాపీ చేసి రెండోది లేపావనుకో, రెండింటికీ ఒకే మ్యాక్. ఎవరు చివర మాట్లాడితే వాళ్ళదే ఆ అడ్రసని బ్రిడ్జి అనుకుంటుంది. జవాబులు కాసేపు ఒకదానికి, కాసేపు రెండోదానికి పోతాయి. పింగ్ వస్తూ పోతూ ఉంటే రూటరు మీద పడకు, ముందు రెండు మెషీన్ల మ్యాక్‌లూ పక్కపక్కన పెట్టి చూడు. వర్ట్-క్లోన్ అనే ప్రోగ్రాముతో కాపీ తీస్తే కొత్త మ్యాక్ అదే వేసుకుంటుంది.