బోడి రైలు వచ్చింది, గేటు సంగతేంటి?

మధురైలో తిరుమల నాయకుని మహలు చూసి పడమటి దిక్కు రైలెక్కితే తొంభై కిలోమీటర్ల తర్వాత పట్టాలు ఆగిపోతాయి. ఎదురుగా పశ్చిమ కనుమలు. ఆ చివరి ఊరు బోడినాయకనూరు, వాడుకలో బోడి. అక్కడి పాత జమీందార్లు ఇంట్లో తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకులు. దారిలో ఉసిలంపట్టి, ఆండిపట్టి, తేని తగులుతాయి. తేని చుట్టుపక్కల కమ్మవారి సేద్యం తరాలనాటిది. ‘తూర్పు వెళ్ళే రైలు’ అంటే మనకు బాపు సినిమా. దాని తమిళ మాతృక తీసిన భారతీరాజా ఈ తేని అల్లినగరం మనిషే. బోడి నుంచి బయల్దేరే ప్రతి రైలూ తూర్పుకే వెళ్ళాలి మరి, పడమట కొండ తప్ప మరేమీ లేదు.

కొండమీది తోటల యాలకులను దించుకోవడానికి 1928లో వేసిన లైను ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో పట్టాలు ఊడదీసి పట్టుకుపోయారు. స్వాతంత్ర్యం వచ్చాక మళ్ళీ వేశారు. మీటర్ గేజ్‌ను బ్రాడ్ గేజ్ చేస్తామంటూ 2010 డిసెంబరు ఆఖరున రైలును ఆపారు. ఆ తర్వాత బడ్జెట్లు వచ్చాయి, పోయాయి. పని నత్తనడకన సాగింది, ఆండిపట్టి కనుమ దగ్గర కొండను ఇంకా వెడల్పుగా తొలచాల్సి వచ్చింది. 2022 మేలో తేని దాకా, 2023 జూన్ 15న బోడి దాకా రైలు వచ్చింది. ఇప్పుడు చెన్నై సెంట్రల్ నుంచి వారానికి మూడు రోజులు బోడికి నేరుగా బండి ఉంది. ఊరు దండలు వేసి ఎదురెళ్ళిందంటే వెళ్ళదా!

అయితే 2011లో పుట్టిన పిల్లవాడు తన ఊరి పట్టాల మీద రైలు చూసేసరికి ఏడో తరగతికి వచ్చేశాడు. అన్నేళ్ళు బండి రాని చోట మనుషులకు ఆగి అటూ ఇటూ చూసే అలవాటు తప్పుతుంది. పైగా పాత బండి కంటే కొత్తది జోరుగా వస్తుంది. మూతపడిన లైను తెరవడంలో పట్టాలు వేయడం సగం పనే. రోడ్డు పట్టాలను దాటే ప్రతి చోటా మిగతా సగం ఉంది, దానికి ఎవరూ పచ్చజెండా ఊపరు.

కాపలా లేని గేటు దగ్గర బండి ఆపి, క్లీనరో కండక్టరో దిగి పట్టాల దాకా నడిచి, రైలు రావడం లేదని చూశాకే దాటాలని 1988 మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ చెబుతుంది. ఎంతమంది దిగారు? 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో బడి బస్సును రైలు ఢీకొంది, చిన్నపిల్లలు పోయారు. 2019 జనవరి కల్లా దేశంలో బ్రాడ్ గేజ్ మీద కాపలా లేని గేటు ఒక్కటీ లేకుండా చేశారు. అంతవరకు మంచి పనే.

కాపలా పెడితే చాలదని 2025 జులై 8న కడలూరు దగ్గర సెమ్మంకుప్పంలో తేలింది. అక్కడ గేటూ ఉంది, గేట్‌మన్ కూడా ఉన్నాడు. బడి వ్యాను పట్టాల మీదుండగా రైలొచ్చి ముగ్గురు పిల్లలు చనిపోయారు. ఆ గేటుకు ఇంటర్‌లాకింగ్ లేదు. ఇంటర్‌లాకింగ్ ఉంటే గేటు పడేదాకా రైలుకు పచ్చ సిగ్నల్ రాదు. లేనిచోట స్టేషన్ మాస్టర్ ఫోను చేస్తాడు, గేట్‌మన్ వేశానంటాడు, ఆ మాట మీదే బండి కదులుతుంది. రైళ్ళ సంఖ్యను వాహనాల సంఖ్యతో గుణిస్తే ఇరవై వేలు దాటిన గేట్లకే ఇంటర్‌లాకింగ్ అని అప్పటిదాకా లెక్క. ప్రమాదం తర్వాత దాన్ని పది వేలకు దించారు, గేట్లన్నిటికీ సీసీ కెమెరాలు పెట్టమన్నారు. మారుమూల పల్లె గేటు పది వేలు కూడా అందుకోదు. పిల్లల వ్యాను మాత్రం అక్కడ రోజూ దాటుతుంది. నన్నడిగితే ఈ గుణకారం తీసేసి బడి బండ్లు తిరిగే గేట్లతో మొదలుపెట్టాలి.

గేటే లేకుండా కింద సబ్‌వే తవ్వడం రైల్వేకు ఇష్టమైన మందు. రైలు ముప్పు పోతుంది, నీళ్ళ ముప్పు వస్తుంది. 2021లో పుదుక్కోట్టై దగ్గర అలాంటి సబ్‌వే నీళ్ళలో కారు చిక్కుకుని ఒక వైద్యురాలు ప్రాణం పోగొట్టుకున్నారు. సెమ్మంకుప్పంలోనూ సబ్‌వే మంజూరైందనీ, జిల్లా యంత్రాంగం ఏడాదిగా అనుమతివ్వలేదనీ రైల్వే అంది. పట్టాలు ఒకరివి, రోడ్డు ఇంకొకరిది, మధ్యలో కాగితం తిరుగుతూ ఉంటుంది.

బోడి లైను సాగే వైగై లోయలో ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరులో మొదలవుతుంది. ఈ లైను మీద ఏ సబ్‌వేకి నీళ్ళు తోడే మోటారు ఏది, దాన్ని నడిపేదెవరు, అతని జీతం రైల్వేదా, పంచాయతీదా అన్నది సెప్టెంబరులోపే ప్రతి ఊరి పంచాయతీ గోడ మీద రాసి ఉండాలి.