పోపులడబ్బా నుంచి ఫోను దాకా



ఇంట్లో ఆడవాళ్ళ మాటకు ఎంత విలువ ఉందో తెలుసుకోవాలంటే ఒంటిమీది బంగారం తూచనక్కరలేదు. అమ్మను చూసి రావాలనిపిస్తే బస్సు ఛార్జీ ఎవర్ని అడగాలో చూస్తే చాలు. అడిగితే ఇస్తారు, నిజమే. ఇచ్చేముందు "ఎందుకూ? మొన్నేగా వెళ్ళొచ్చావు!" అంటారే, దాంతోటే సగం ప్రయాణం ఆగిపోతుంది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆ రాష్ట్రపు స్త్రీలకు ఛార్జీ లేదు. మిగిలేది నలభై, యాభై రూపాయలేగా అని తీసిపారేసే వాళ్ళున్నారు. మిగిలింది డబ్బొకటే కాదండీ, సంజాయిషీ కూడా తప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం బజారుకూ, ఆసుపత్రికీ, ఊరి బయటకూ, ఈ మూడింటికీ ఒంటరిగా వెళ్ళగలిగిన స్త్రీలు మన దేశంలో నూటికి 42 మందే. బస్సు ఉచితమైతే అత్తగారి అనుమతి అక్కరలేదని కాదు. ఒక సాకు తగ్గింది, అంతే.

ఇక ఫోను సంగతి. మన అమ్మలు పోపులడబ్బాలో దాచుకున్న డబ్బుకు సాక్షి లేడు. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయ్యాక ఎన్ని ఇళ్ళలో ఆ గుట్టు బయటపడిందో మీకు తెలుసు. ఇప్పుడు కూరలబండి దగ్గర కూడా ఫోనుతోనే చెల్లింపు. సుఖమే. కానీ ఖాతా మీదైనా బ్యాంకులో ఇచ్చిన నంబరు మీవారిదైతే, మీరు ఖాతాలోంచి తీసిన ప్రతి రూపాయీ మీరు ఇల్లు చేరేలోపే ఆయనకు తెలిసిపోతుంది. పైగా బ్యాంకులో నమోదైన నంబరున్న ఫోనులోనే మీ ఖాతాకు యూపీఐ పెట్టుకోవచ్చు. అంటే పెట్టె మీది, తాళంచెవి ఆయన జేబులో అన్నమాట! తాను వాడుకునే బ్యాంకు ఖాతా నూటికి 79 మంది స్త్రీలకు ఉందనీ, తాను వాడుకునే సెల్‌ఫోను 54 మందికే ఉందనీ అదే సర్వే చెబుతోంది.

2024లో యూపీఐ సర్కిల్ అని ఒకటి వచ్చింది. ఆయన ఖాతాలోంచి నెలకు 15,000 రూపాయల దాకా మీరు ఖర్చు పెట్టవచ్చు. అందులోనే ఇంకో పద్ధతిలో ప్రతిసారీ ఆయన పిన్ నొక్కితేనే డబ్బు కదులుతుంది. గుమ్మంలో అడిగే "ఎందుకూ" ఫోనులోకి వచ్చింది కాబోలు. అవసరానికి వాడుకోండి, కాదనను. కానీ దాన్ని సొంత ఖాతా అనుకోకండి.

ఆధారూ, పాసుబుక్కూ పట్టుకుని బ్యాంకుకు వెళ్ళి, ఖాతాకు మీ నంబరు చేర్చమని అర్జీ ఇవ్వండి. పిన్ మీరే పెట్టుకోండి. అక్షరాలు ఆనకపోతే కళ్ళజోడు పెట్టుకోండి గానీ, ఫోను పిల్లాడి చేతికిచ్చి నొక్కమనకండి.