ఎండకాలపు జాకెట్టు



జాకెట్టు అనగానే మన ఇళ్ళల్లో ముందు గుర్తొచ్చేది చీర మీదికి కుట్టించుకునే జాకెట్టే. అందుకే కాలేజీకి పోయే అబ్బాయి వచ్చి, "అమ్మా, జాకెట్టు కొనుక్కోవాలి, ఏడెనిమిది వేలవుతుంది" అంటే మొదట నవ్వొస్తుంది. తరువాత ధర తలచుకుంటే కోపమొస్తుంది. "మండుటెండల్లో కోటేమిట్రా నీకు?" అని కసురుకుంటాం. వాడడిగేది చలికోటు కాదు. మోటారు సైకిలు మీంచి పడినప్పుడు ఒళ్ళు చెక్కుకుపోకుండా, మోచేతులూ భుజాలూ దెబ్బ తినకుండా కాపాడే జాకెట్టు. ఈ వేళ దాని గురించే చెప్పుకుందాం. పేరు కలిసింది కాబట్టి అంటున్నాను గానీ, ఈ రెండు జాకెట్లకీ నిజంగానే పోలిక వుంది. గుడ్డ చేత్తో పట్టి చూడటం, కుట్టు తిరగేసి చూడటం, చంకలో పట్టేసిందో లేదో చూడటం మనకి వచ్చిన విద్యలే. దుకాణంలో మగపిల్లలు రంగూ బొమ్మా చూసి మురిసిపోయే చోట మనం చూడవలసినవి వేరే వున్నాయి.

తార్నాక కూడలిలో ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. ఉప్పల్, హబ్సీగూడల నుంచి వచ్చే బళ్ళు, లాలాపేట వైపు నుంచి దిగేవి, మెట్టుగూడకి పోయేవి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలోకి తిరిగేవి. తలకి హెల్మెట్టు చాలామందికి వుంటుంది, ప్రాణానికి భయపడో పోలీసుకి భయపడో. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను నడిపేవారికీ, వెనక కూర్చున్నవారికీ కూడా హెల్మెట్టు తప్పదంటుంది. జాకెట్టు మాట అందులో లేదు. అందుచేత మెడ నుంచి కిందంతా పొట్టి చేతుల చొక్కాకి వదిలేస్తున్నాం.

"తార్నాక నుంచి ఆర్ట్సు కాలేజీకి ఎంత దూరమని, ఇంత సింగారం ఎందుకు?" అనిపించడం సహజం. దూరం తక్కువే. కానీ రోడ్డుకి మనం ఎంత దూరం నుంచి వచ్చామో అక్కరలేదు, ఎంత వేగంతో పడ్డామన్నదే దానికి లెక్క. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో పోతూ జారిపడిన మనిషి తారు రోడ్డు మీద ఆగేలోపల సుమారు పది మీటర్లు ఈడ్చుకుపోతాడు. అంటే రెండు చీరలు నిలువునా పరిచినంత దూరం. వేగం 60 అయితే అది నాలుగు చీరలవుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే దూరం రెండింతలు దాటుతుందన్నమాట. అంత దూరం పలచటి చొక్కా ఆగదు. అది చిరిగాక మిగిలేది చర్మమే.

జాకెట్టు వేసుకుంటే నిజంగా ఉపయోగముందా అంటే, ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా ప్రాంతంలో బళ్ళ మీంచి పడిన 212 మందిని పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. మోటారు సైకిలు జాకెట్టు వేసుకున్నవారు ఆసుపత్రిలో చేరవలసిన అవకాశం నూటికి 21 వంతులు తక్కువగా కనిపించింది. చేతి తొడుగులైతే నూటికి 59 వంతులు. అదే పరిశీలనలో ఇంకో సంగతి కూడా బయటపడింది. పడినప్పుడు వేసుకుని వున్న జాకెట్లలో పదింటికి మూడు చిరగడమో, కుట్టు విడిపోవడమో జరిగింది. కనుక జాకెట్టు కొంటే చాలదు, చూసి కొనాలి.

ఇక అసలు చిక్కుకి వద్దాం. డబ్బు పోసి కొన్న జాకెట్టు జనవరిలో ముచ్చటగా తొడుక్కుంటారు. మార్చి నెలాఖరుకి అది తలుపు వెనక కొక్కేనికి చేరుతుంది. "ఏరా, వేసుకోలేదేం?" అంటే "ఉడికిపోతోందమ్మా" అంటాడు. వాడిది అబద్ధం కాదు. అందుకే మన ఊళ్ళో జాకెట్టు ఎంచేటప్పుడు అన్నిటికంటే దళసరిది ఏదని కాదు, మే నెల మధ్యాహ్నం కూడా విప్పకుండా వేసుకునేది ఏదని అడగాలి. తోలు జాకెట్టు రాపిడికి గొప్పగా ఆగుతుంది. అయినా కొక్కేనికి వేలాడే తోలు జాకెట్టు కంటే ఒంటి మీద వున్న గుడ్డ జాకెట్టే మేలని నా అభిప్రాయం.

ఎండలో ఒంటిని కప్పుకుంటే వేడి పెరుగుతుందని మనకో నమ్మకం. అది సగమే నిజం. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీల దగ్గర వుంటుంది. గాలి అంతకంటే చల్లగా వున్నంతసేపూ ఒంటికి తగిలితే హాయిగానే వుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదు ఎండ 40 డిగ్రీలకి చేరినప్పుడు అదే గాలి వడగాడ్పు. బండి ఎంత వేగంగా పోతే అంత సెగ కొడుతుంది. అప్పుడు మనల్ని కాపాడేది చెమట ఆరడం ఒక్కటే. మట్టి కూజాలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మీకు చెప్పనక్కరలేదు. కూజా పైన తడి మెల్లగా ఆరుతుండాలి. బొత్తిగా పొడిగా వుంటే చల్లబడవు, గాలి తగలకుండా మూసేసినా చల్లబడవు. ఒళ్ళూ అంతే. పొలాల్లో పనిచేసే ఆడవాళ్ళు మండుటెండలో చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం మీరు చూసే వుంటారు. ఎండకి నీడ కావాలి, లోపల కాస్త గాలి ఆడాలి. ఎవరూ పుస్తకం చూసి నేర్పిన కిటుకు కాదది.

మెష్ జాకెట్టు చేసే పనీ అదే. దోమతెర మాదిరి కన్నాలున్న గట్టి గుడ్డతో కుడతారు దాన్ని. దుకాణంలో దీన్ని దీపానికి ఎదురుగా పట్టి చూడండి. రొమ్ము మీద, చేతుల లోపలి వైపు, వీపు మీద వెలుతురు కనిపించాలి. భుజాల మీదా మోచేతుల మీదా కనిపించకూడదు. పడినప్పుడు ముందు నేలకి తగిలేవి అవే కాబట్టి అక్కడ దట్టమైన నేత గుడ్డ వుండాలి. జాకెట్టంతా ఒకటే కన్నాలైతే మాత్రం వద్దనే అంటాను. మెష్ లేకుండా జిప్పుతో తెరుచుకునే గాలి సందులున్న రకం కూడా వుంది. అందులో వీపు వైపు కూడా సందు వుందేమో చూడాలి. ఎదురు కిటికీ లేని గదిలో గాలి ఆడదు కదా.

గుడ్డ చీటీ మీద "600 డెనియర్" లాంటి అంకె వుంటుంది. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే డెనియర్. నూలు కౌంటుకి ఇది తిరగబడిన లెక్క. వెంకటగిరి చీరకి నూరో నంబరు నూలంటే సన్నదనం. డెనియర్‌లో అంకె పెరిగితే దారం లావు. అంకె ఒక్కటీ చూసి మోసపోకండి, ఏ దారమన్నది కూడా ముఖ్యం. ఒకే లావుదైతే మామూలు పాలియెస్టరు కంటే గట్టి రకం నైలాను రాపిడికి ఎక్కువ ఆగుతుంది. ఈ రెండూ ఎక్కువ వేడికి కరిగే గుడ్డలే. ఇస్త్రీపెట్టె బాగా కాలినప్పుడు పాలియెస్టరు చీర అంటుకుపోయిన అనుభవం మనలో ఎంతమందికి లేదు? రోడ్డు రాపిడికీ అలాగే కరుగుతుంది. అందుచేత లోపల వేసుకునే బనీను నూలుదే కావాలి.

కొన్నిటికి మోచేతి దగ్గర అస్తరుగా కెవ్లార్ వేస్తారు. దాన్ని కనిపెట్టినది ఒక మహిళ. స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త 1965లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో, టైర్లలో వాడటానికి తేలికైన గట్టి దారం కోసం వెతుకుతోంది. తయారైన ద్రవం చిక్కగా లేదు, మజ్జిగలా పలచగా మబ్బుగా వుంది. దారం తీసే యంత్రంలో పోయడానికి ఆ పనివాడు మొదట ఒప్పుకోలేదట, కన్నాలు పూడుకుపోతాయని. ఆమె పట్టు విడవలేదు. తూటాని ఆపే కవచాలకి పనికొచ్చిన దారం అలా పుట్టింది. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ గోడ పక్కనుంచి రోజూ కాలేజీకి పోయే ఆడపిల్లలకి ఈ కథ చెప్పండి. కెవ్లార్‌కి ఒక లోపం, ఎండ తగిలితే బలం తగ్గుతుంది.

ఇక ప్యాడ్ల సంగతి. భుజాల్లో, మోచేతుల్లో, వీపులో మెత్తటి బిళ్ళలు పెడతారు. మెత్తగా వుంటే ఏం కాపాడుతుందని అనుమానం రావచ్చు. కార్న్‌ఫ్లోర్ కొంచెం నీళ్ళతో చిక్కగా కలిపి చూడండి. వేలు మెల్లగా ముంచితే దిగుతుంది, గుద్దితే గట్టిపడుతుంది. కొత్తరకం ప్యాడ్లూ దాదాపు అలాగే ప్రవర్తిస్తాయి. ప్యాడు బయటికి తీసి, దాని మీద ముద్ర చూడాలి. ఇ.ఎన్. 1621-1 అని వుంటే భుజాలకీ మోచేతులకీ, 1621-2 అయితే వీపుకి. పక్కనే 1 గాని 2 గాని అంకె వుంటుంది. భుజాల ప్యాడైతే, పరీక్షలో కొట్టిన దెబ్బలో 1వ రకం 35 కిలోన్యూటన్ల దాకా లోపలికి పోనిస్తుంది, 2వ రకం 20 మించి పోనివ్వదు. మన ఊరికి ఇంకో ముద్ర ముఖ్యం. "టి" అక్షరం పక్కన కూడిక గుర్తు వుంటే, 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్షించారని అర్థం. వేడికి మరీ మెత్తబడే ప్యాడు మే నెలలో మనకెందుకు? చాలా జాకెట్లలో వీపుకి పెట్టేది పేరుకి ప్యాడు, నిజానికి ఉత్త స్పాంజి. నొక్కితే తెలిసిపోతుంది. దానికి బదులు వేరే ముద్ర వున్నది కొని పెట్టించుకోవాలి.

దుకాణంవాడు "ఇది సి.ఇ. జాకెట్టమ్మా" అంటాడు. చాలాసార్లు ఆ ముద్ర ప్యాడ్లకే కానీ జాకెట్టుకి కాదు. జాకెట్టుకి వేరే పరీక్ష వుంది, 2020లో వచ్చిన ఇ.ఎన్. 17092. లోపలి చీటీ మీద ఆ అంకెతో పాటు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. మూడు ఎ లు అన్నిటికంటే గట్టివి, రెండు ఎ లు మధ్యరకం, ఒక ఎ ఊళ్ళో తిరగడానికి. వేసవి మెష్ జాకెట్లలో ఎక్కువ కనిపించేది ఒక ఎ. రెండు దొరికితే వదలకండి. బి అని వుంటే ప్యాడ్లు లేనిది, సి అని వుంటే ప్యాడ్లు మాత్రమే కాపాడతాయి, గుడ్డ రాపిడికి ఆగదు.

కుట్టు విషయంలో మీకు ఒకరు చెప్పాలా! తిరగేసి చూడండి. భుజం కుట్టూ, చేతి కుట్టూ రెండు మూడు వరసలుండాలి, అందులో కనీసం ఒక వరస పైకి కనపడకుండా లోపల వుండాలి. పైకి కనిపించే దారమే నేలకి ముందు అరుగుతుంది.

కొలత కూడా నిలబడి చూస్తే చాలదు. బండి మీద కూర్చుని చేతులు ముందుకి చాపి చూడాలి. ప్యాడు సరిగ్గా మోచేతి ఎముక మీద వుండాలి. మోచెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పితే అది జారిపోతే, పడినప్పుడూ జారిపోతుంది. "పెరిగే పిల్లాడు, ఒక సైజు పెద్దది తీసుకుందాం" అన్న మన పాత అలవాటు స్కూలు యూనిఫారానికి సరిపోతుంది, ఇక్కడ పనికిరాదు. మీరే స్కూటరు నడిపితే, మగవారి చిన్న సైజుతో సర్దుకోకండి. ఆడవారి కొలతలకి కుట్టినవి వేరే దొరుకుతున్నాయి. చున్నీ, పమిట జాకెట్టు లోపలే వుండాలి, చక్రం దగ్గరికి పోకూడదు. రంగు లేత బూడిదరంగు అయితే నలుపు కంటే వేడి తక్కువ పీలుస్తుంది.

ఇన్ని చూసి కొన్న తరువాత మన పిల్లలు చేసే పొరపాటొకటి వుంది. పుస్తకాల సంచి వీపుకి తగిలిస్తారు. వీపు మీది కన్నాలన్నీ మూసుకుపోతాయి. సంచి బండికి కట్టుకుంటే సగం ఉక్క తగ్గుతుంది. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు మెడ దగ్గర జిప్పు దించుకుని, బయలుదేరేటప్పుడు మళ్ళీ వేసుకోవాలి. బయలుదేరే ముందు నూలు బనీను తడిపి, పిండి, తొడుక్కుంటే కూజాకి తడిగుడ్డ చుట్టినట్టే. ఇది ఏప్రిల్, మే నెలల పొడి ఎండలోనే పనిచేస్తుంది. వానలు మొదలై ఉక్కపోత వచ్చాకా, విశాఖపట్నం లాంటి సముద్రపు ఊళ్ళలోనూ పెద్దగా లాభం లేదు. ఉప్పేసిన పలచటి మజ్జిగ తాగించి పంపండి. తల తిరిగినా, వాంతి వచ్చేటట్టున్నా బండి ఆపి చెట్టు కింద కూర్చోమనండి. యూనివర్సిటీ ఆవరణలో చెట్లకి కరువు లేదు.

జూన్‌లో వాన పడితే మెష్ జాకెట్టు లోపలికి నీళ్ళొస్తాయి. లోపల వాన అస్తరు తొడిగితే పై గుడ్డ తడిసి బరువెక్కుతుంది. పైన మామూలు రెయిన్ కోటు వేసుకోవడమే సుఖం.

ఉతకడం మన వంతే కదా. చెమట ఉప్పు పేరుకుంటుంది కాబట్టి వేసవిలో నెలకొకసారైనా ఉతకాలి. ముందు ప్యాడ్లన్నీ తీసి, కుడిదేదో ఎడమదేదో గుర్తు పెట్టుకోండి. చల్లటి నీళ్ళు, తేలిక సబ్బు చాలు. బండకేసి బాదకూడదు, మెలిపెట్టి పిండకూడదు, నీడనే ఆరెయ్యాలి. ప్యాడ్లని తడిగుడ్డతో తుడిస్తే సరి. ఒకసారి గట్టి దెబ్బ తిన్న ప్యాడు పైకి బాగానే కనిపించినా మార్చెయ్యండి. ఆరిన తరువాత ప్యాడ్లు తిరిగి పెట్టడం మరచిపోకుండా చూడండి, ఖాళీ జాకెట్టు తేలిగ్గా వుందని పిల్లలు అలాగే తొడుక్కుని పోతారు.